లెక్కను పైకి చదవండి

ప్రభుత్వ పనుల లెక్కలను ఊరి జనం ముందే పెట్టి సరిచూడటాన్ని సామాజిక తనిఖీ అంటారు. చాలా ఏళ్ళ క్రితం అలాంటి ఒక తనిఖీలో నాకు అప్పగించిన పని చాలా చిన్నది. మస్టరులో, అంటే కూలీల హాజరూ కూలీ రాసే పట్టికలో, ఉన్న పేర్లను వరసగా పైకి చదవడం. చెట్టు కింద టార్పాలిన్ పరిచారు. ఒక పక్క పనులకు వెళ్ళిన కూలీలు, ఇంకో పక్క కుర్చీల్లో అధికారులు, మధ్యలో బల్ల దగ్గర నేను. పేరు చదవాలి, ఎన్ని రోజులు పని చేసినట్టు రాశారో చదవాలి, ఎంత చెల్లించినట్టు రాశారో చదవాలి. ఆ మనిషి లేచి అవుననో కాదనో చెప్పాలి. పన్నెండో పేరో పదమూడో పేరో చదివినప్పుడు ఎవరూ లేవలేదు. మళ్ళీ చదివాను. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ నిదానంగా లేచి, "ఆయన నా పెనిమిటి. పోయి మూడేళ్ళయింది" అంది. కాగితం మీద మాత్రం ఆయన ఆ ఏడాది వేసవిలో పద్నాలుగు రోజులు మట్టి తవ్వాడు. కూలి అందుకున్నాడు. వేలిముద్ర కూడా వేశాడు.

ఎవరూ అరవలేదు. కుర్చీలో ఉన్న ఒక ఉద్యోగి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. ఆవిడ కూర్చోలేదు. ఆ వేలిముద్ర ఎవరిదో చెప్పేదాకా నిలబడే ఉంటానంది.

పౌర సమాజం అనే మాట విన్నప్పుడల్లా నాకు సదస్సులూ తీర్మానాలూ గుర్తుకురావు, ఆవిడే గుర్తొస్తుంది. పౌర సమాజానికి నిర్వచనాలు చాలా ఉన్నాయి. కుటుంబానికీ ప్రభుత్వానికీ వ్యాపారానికీ బయట, మనుషులు తమంత తాము కట్టుకున్న సంఘాలన్నీ అందులోకే వస్తాయంటారు: కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, కాలనీ సంక్షేమ సంఘాలు. నిర్వచనంతో నాకు పేచీ లేదు. అయితే ఇవన్నీ ఉన్నంత మాత్రాన పరిపాలన బాగుపడుతుందన్న నమ్మకంతో పేచీ ఉంది. నేను చూసినంతలో ఒకే ఒక్క పని జరిగినచోట బాగుపడింది. ప్రభుత్వం కాగితం మీద రాసుకున్నదాన్ని, ఎవరి పేరు మీద రాసుకుందో వాళ్ళ ముందే పైకి చదివి, ఇది నిజమేనా అని అడగాలి. వాళ్ళ మాట విన్నాక ఏదో ఒకటి చేయక తప్పని మనిషి అక్కడ కూర్చుని ఉండాలి. ఈ రెండూ కలిసిన చోటనే నాకు సుపరిపాలన కనబడింది.

సుపరిపాలన అనే మాట పాలకుల ప్రసంగాల్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. 1989లో ప్రపంచ బ్యాంకు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల గురించి ఒక నివేదిక రాస్తూ, అక్కడి కష్టాల వెనక ఉన్నది పరిపాలనలో సంక్షోభమని చెప్పింది. ఆ తర్వాత ఈ మాట దేశదేశాల ప్రణాళికా పత్రాల్లోకి పాకింది. పారదర్శకత, జవాబుదారీతనం, ప్రజల భాగస్వామ్యం, చట్టబద్ధ పాలన అంటూ దాని కింద ఒక పట్టిక చేరింది. ఆ పట్టికలో అన్నీ గుణాలే, కర్త కనిపించడు. ఎవరు చూడటానికి పారదర్శకత? ఎవరికి జవాబు? మన భాషలో జవాబుదారీ అన్న మాట ఎంత నిక్కచ్చిగా ఉందో గమనించండి. ముందు ఎవరో ఒకరు ప్రశ్న అడగకపోతే జవాబు అన్న మాటకే చోటు లేదు.

ప్రభుత్వం తన లెక్కలు తాను చూసుకోదా అంటే, చూసుకుంటుంది. శాఖల్లో అంతర్గత తనిఖీలున్నాయి, పైన ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ ఉంది. వాటిని నేను తక్కువ చేయను. కాగ్ నివేదికలే లేకపోతే ఈ దేశంలో చాలా సంగతులు మనదాకా వచ్చేవి కావు. కానీ కార్యాలయంలో కూర్చుని చేసే తనిఖీ ఎక్కువగా కాగితాన్ని కాగితంతో పోలుస్తుంది. బిల్లుకు ఓచరు ఉందా, ఓచరుకు మంజూరు ఉత్తర్వు ఉందా, కొలతల పుస్తకంలో సంతకం ఉందా అని చూస్తుంది. మోసం చేసేవాడు ఆ మూడూ సిద్ధం చేసుకున్నాకే మోసం చేస్తాడు. వాడు దొరికిపోయేది కాగితాల్లో కాదు, ఊళ్ళో. చనిపోయిన మనిషి చనిపోయాడనీ, పూడిక తీసినట్టు రాసిన చెరువులో ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తలేదనీ తెలిసినవాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళకు కాగితంలో ఏముందో తెలియదు. కాగితం చూసే అధికారికి ఊళ్ళో ఏముందో తెలియదు. ఈ రెంటి నడుమ ఉన్న సందులోంచే ప్రజల డబ్బు జారిపోతుంది.

మన దేశంలో ఆ సందును పట్టుకున్నవాళ్ళు కూలీలు. 1980ల చివర రాజస్థాన్‌లో కరవు పనులకు వెళ్ళినవాళ్ళకు చట్టం చెప్పిన కనీస వేతనం చేతికి వచ్చేది కాదు. ఎందుకని అడిగితే, కొలత ప్రకారం మీరు పని చేయలేదని జవాబు. చేశాం కదా అంటే, రికార్డులో అలా లేదని జవాబు. అయితే ఆ రికార్డు చూపించండి అంటే, అది రహస్యమని జవాబు. ఎవరు ఎంత మట్టి తవ్వారన్న లెక్క కూడా రాజ్యరహస్యమైపోయింది. వలస ప్రభుత్వం 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం, దాని నీడలో దశాబ్దాలపాటు ముదిరిన కార్యాలయాల అలవాటు కలిసి చేసిన పని అది.

దేవ్‌డుంగ్రీ అనే చిన్న పల్లెలో మట్టి ఇంట్లో కాపురం పెట్టిన అరుణా రాయ్, శంకర్ సింగ్, నిఖిల్ దే అక్కడి కూలీలతో, చిన్న రైతులతో కలిసి 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ (కూలీల, రైతుల శక్తి సంఘం)ను నిలబెట్టారు. అరుణా రాయ్ 1975లోనే ఐఏఎస్ ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి. ఈ సంఘం సంస్థల నుంచి నిధులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. పూర్తికాలం పనిచేసేవాళ్ళు కనీస వేతనంతో సమానమైన మొత్తంతోనే బతికారు. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో వాళ్ళు మొదటి జన్ సున్‌వాయీ, అంటే జనం ముందు బహిరంగ విచారణ, పెట్టారు. ఎలాగో సంపాదించిన మస్టర్లనూ బిల్లులనూ జనం మధ్య పైకి చదివారు. అప్పుడు మొదలైన వరస సభల్లో ఏమేం బయటపడ్డాయో చూడండి: పని చేయనివాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు, కట్టకుండానే కట్టినట్టు రాసిన కట్టడాలు. చదువు రాని కూలీ, చదువుకున్న ఇంజనీరు రాసిన లెక్కను తప్పని నిరూపించిన రోజులవి.

రికార్డుల నకళ్ళు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది కానీ ఇవ్వలేదు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో ధర్నాకు కూర్చున్నారు. నలభై రోజులు. వాళ్ళ నినాదం "మా డబ్బు, మా లెక్క". వాళ్ళు అధికారిని సస్పెండ్ చేయమని కూర్చోలేదు, నష్టపరిహారం కోసం కూర్చోలేదు. జిరాక్సు కాపీల కోసం కూర్చున్నారు. రాజస్థాన్ ఎండలో జిరాక్సు కాపీల కోసం నలభై రోజులు కూర్చున్నారన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కాగితం తమ చేతికి వస్తే మిగతాది తామే తేల్చుకోగలమన్న ఆత్మవిశ్వాసం అందులో ఉంది. 1997లో తమిళనాడు, 2000లో రాజస్థాన్ తమ సమాచార హక్కు చట్టాలు చేసుకున్నాయి. 2005 అక్టోబరు 12 నుంచి దేశమంతటికీ సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో జవాబివ్వడం అధికారి దయ కాకుండా పోయింది, బాధ్యత అయింది.

అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్, పనుల సామాజిక తనిఖీని గ్రామసభ చేయాలని చెప్పింది. చాలా రాష్ట్రాల్లో అది చట్టంలోని ఒక వాక్యంగానే మిగిలిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2006 నుంచి దాన్ని ఒక పద్ధతిగా మలిచారు. దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీని ఏర్పాటు చేశారు. కూలీల కుటుంబాల్లోంచి వచ్చిన, చదవడం రాయడం వచ్చిన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, తమది కాని ఊళ్ళకు పంపేవారు. వాళ్ళు మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. టేపు పట్టుకుని పనులు కొలిచేవారు. ఆపైన గ్రామసభ, తర్వాత మండల స్థాయిలో ప్రజావేదిక. ఉద్యమంగా పుట్టిన పనిని ప్రభుత్వమే తన యంత్రాంగంలో భాగం చేసుకోవడం అరుదు. అందులో ప్రమాదం కూడా ఉంది, ప్రశ్న అడిగేవాళ్ళకు జీతమిచ్చేది జవాబు చెప్పాల్సినవాళ్ళే కదా. అయినా నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఉద్యమకారులు ఎంత గొప్పవాళ్ళైనా వేల ఊళ్ళకు వెళ్ళలేరు.

ఇక ఇక్కడినుంచే నాకు కష్టమైన భాగం మొదలవుతుంది.

ఆ పెద్దావిడ భర్త పేరు మీద తీసుకున్న కూలి వసూలు చేయాలని ఆ రోజే ఉత్తర్వు రాశారు. చప్పట్లు కొట్టాం. ఏడాది తర్వాత నేను వెళ్ళి అడిగితే వసూలు కాలేదు. రెండేళ్ళ తర్వాత అడిగితే, ఆ ఫైలు చూసే ఉద్యోగి బదిలీ అయ్యాడన్నారు. ఇది ఒక్క ఫైలు కథ అయితే బాధపడి ఊరుకునేవాణ్ణి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ తొలి ఏళ్ళ తనిఖీ నివేదికలను వరసగా పరిశీలించిన ఆర్థికవేత్తలు ఒక సంగతి గమనించారు. తనిఖీ తర్వాత తనిఖీ జరుగుతున్నా అక్రమాలు మొత్తంగా చెప్పుకోదగినంత తగ్గలేదు. వాటి రూపం మారింది. కూలీలకు సంబంధించిన, సులువుగా దొరికిపోయే అక్రమాల చోట, సామగ్రికి సంబంధించిన, పట్టుకోవడం కష్టమైన అక్రమాలు పెరిగాయి. పేరు పైకి చదివితే చచ్చినవాడు చచ్చాడని తేలిపోతుంది. సిమెంటును పైకి ఎలా చదవాలి? కాంక్రీటులో ఇసుక పాలెంతో గ్రామసభలో ఎవరు లేచి చెబుతారు?

ఇలాంటి ఫలితమే సముద్రం అవతల కూడా వచ్చింది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఇండోనేషియాలోని జావాలో 600కు పైగా ఊళ్ళలో, కొత్తగా వేస్తున్న రోడ్ల మీద ఒక ప్రయోగం చేశాడు. కొన్ని ఊళ్ళలో ప్రభుత్వ తనిఖీ తప్పకుండా జరుగుతుందని ముందే చెప్పారు. మరికొన్ని ఊళ్ళలో లెక్కలు చెప్పే సభలకు జనాన్ని విరివిగా పిలిచారు. తర్వాత ఇంజనీర్లు రోడ్లను తవ్వి, వాడిన సామగ్రి ఎంతో కొలిచారు. 2007లో అచ్చైన ఫలితం ఇది: తనిఖీ జరిగే అవకాశాన్ని 4 శాతం నుంచి 100 శాతానికి పెంచితే, లెక్కకు అందని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని సభలకు పిలవడం వల్ల మొత్తం మీద పెద్దగా ఏమీ తగ్గలేదు. కూలి డబ్బుల్లో మాత్రం దోపిడీ తగ్గింది. కూలి ఎంత రావాలో ప్రతి ఇంటికీ తెలుసు కాబట్టి అక్కడ నిలదీశారు. కంకర ఎంత పడాలో ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ ఊరుకున్నారు.

ఈ అధ్యయనాన్ని చూపించి, ప్రజల భాగస్వామ్యం వట్టి మాటేనని, మంచి ఆడిటర్లను పెడితే చాలని కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ తనిఖీ వల్ల వచ్చిన ఫలితం కూడా, దాని నివేదికను ఊరి సభలో చదువుతామని ముందే చెప్పిన చోట వచ్చిందే. నాకు ఇందులో కనబడిన పాఠం వేరు. ప్రశ్న అడగడానికి ధైర్యం ఒక్కటే చాలదు, పనితనం కావాలి. పౌర సమాజం అనగానే మనం గొంతును గుర్తు చేసుకుంటాం. టేపును, త్రాసును, బిల్లు పుస్తకాన్ని గుర్తు చేసుకోం. రిటైరైన ఇంజనీర్లు, అకౌంటెంట్లు, ల్యాబుల్లో పనిచేసినవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళలో ఒక్కరు గ్రామసభకు వచ్చి కూర్చున్నా, గుత్తేదారు వెయ్యబోయే పిండిలాంటి సిమెంటు గురించి ముందే ఆలోచించుకుంటాడు. ఎవరూ రారు. వాళ్ళను మనం పిలవలేదు కూడా. అది మా అందరి లోపం, నాది కూడా.

పనితనం నేర్చుకున్న పౌర సమాజం ఏం సాధించగలదో దక్షిణాఫ్రికా చూపించింది. అక్కడ 1998 డిసెంబరులో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ఉద్యమం మొదలైంది. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా ఆపే నెవిరపీన్ అనే మందును, ఒక్కో రాష్ట్రంలో రెండేసి పరిశోధన కేంద్రాలకే పరిమితం చేసింది అక్కడి ప్రభుత్వం. తయారీదారు ఉచితంగా ఇస్తానన్నా అదే పట్టు. ఈ ఉద్యమం ఊరేగింపులు చేసింది, కోర్టుకు వెళ్ళింది. కానీ వాటికన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పని వేరే ఉంది. జబ్బుతో ఉన్న సామాన్యులకు, పెద్ద చదువులు లేని ఆడవాళ్ళకు, వైరస్ ఒంట్లో ఎలా పెరుగుతుందో, ఏ మందు దాన్ని ఎక్కడ ఆపుతుందో తరగతులు పెట్టి నేర్పింది. రోగి డాక్టరుతో మందు పేరు చెప్పి మాట్లాడే స్థితి వచ్చింది. ఉద్యమ నాయకుడు జాకీ అక్మత్‌కు హెచ్ఐవీ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో అందరికీ మందు దొరికేదాకా తాను కూడా వేసుకోనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆంక్షలు ఎత్తివేయాలని తీర్పు చెప్పింది. వీధిలో గొంతు, తరగతిలో చదువు, కోర్టులో వినక తప్పని చెవి. మూడూ ఒకచోట చేరాయి.

చెవి సంగతి కూడా చెప్పాలి. ఉగాండాలో 1991 నుంచి 1995 దాకా బడుల ఖర్చుల కోసం కేంద్రం విడుదల చేసిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక సర్వేలో తేలింది. మిగతాది దారిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో ప్రచురించడం, బడి గోడల మీద రాయించడం మొదలుపెట్టింది. 2001 నాటికి 80 శాతానికి పైగా బడికి చేరింది. దీనికి పత్రికా ప్రకటనలొక్కటే కారణమా, అప్పుడే జరిగిన ఇతర సంస్కరణలా అన్న చర్చ పరిశోధకుల్లో ఉంది. రెండూ కారణమేనని నా నమ్మకం. ప్రధానోపాధ్యాయుడికి రావలసినదెంతో తెలియడం ఒక సగం, ఆయన అడిగితే కదలాల్సిన మనిషి పైన ఉండటం మరో సగం.

మన దేశంలో ఎన్నికల ప్రమాణపత్రాల కథ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెబుతాను. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు ఓటర్లకు తెలియాలని 1999లో అహ్మదాబాద్ ఐఐఎం అధ్యాపకులు కొందరు కోర్టుకు వెళ్ళారు. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ అలా పుట్టింది. 2002లో సుప్రీంకోర్టు వాళ్ళ వాదనను అంగీకరించింది. పార్లమెంటు దాన్ని పలచన చేస్తూ చట్టం సవరిస్తే, 2003లో కోర్టు ఆ సవరణను కొట్టేసింది. అదే సంస్థ ఇంకొందరితో కలిసి వేసిన పిటిషన్ల మీదనే 2024 ఫిబ్రవరి 15న, పార్టీలకు దాతల పేర్లు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. పాతికేళ్ళ పని ఇది. ప్రభుత్వాలు మారినా వీళ్ళ ప్రశ్న మారలేదు. ఆ ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

"మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు?" అని అధికారంలో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు. సూటి ప్రశ్న, సూటిగానే జవాబు చెప్పాలి. ఎవరూ ఎన్నుకోలేదు. అందుకే నిర్ణయాలు చేసే అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా. రోడ్డు ఎక్కడ వేయాలో తేల్చాల్సింది ఎన్నికైనవాళ్ళే. వేశామని చెప్పిన రోడ్డు ఉందా లేదా అని అడగడానికి మాత్రం ఓట్లు అక్కరలేదు. ఆ రోడ్డు మీద నడిచేవాడైతే చాలు. ఈ గీతను పౌర సమాజంలోనివాళ్ళు కూడా అప్పుడప్పుడు దాటుతారు. నాలుగు రోజులు టీవీల్లో కనబడగానే ప్రజలందరి తరఫునా మాట్లాడుతున్నామన్న భ్రమ కలుగుతుంది. ప్రజల తరఫున మాట్లాడటం కన్నా ప్రజలు మాట్లాడేలా చూడటం కష్టం. జన్ సున్‌వాయీలో గొప్పతనమంతా అక్కడే ఉంది. బల్ల దగ్గరి మనిషి చదువుతాడు అంతే, సాక్ష్యం చెప్పేది ఊరు.

సంఘాలు ఎక్కువుంటే ప్రజాస్వామ్యం దానంతటదే బలపడుతుందన్న మాటను కూడా నేను నమ్మను. తొలి ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీలో పాటల సంఘాలు, వ్యాయామ సంఘాలు, మాజీ సైనికుల సంఘాలు లెక్కలేనన్ని ఉండేవి. అలాంటి సంఘాలు దట్టంగా ఉన్న పట్టణాల్లోనే నాజీ పార్టీలో సభ్యులు వేగంగా చేరారని 2017లో అచ్చైన ఒక పరిశోధన చూపించింది. ప్రభుత్వం నిలకడగా ఉన్న ప్రాంతాల్లో ఆ ప్రభావం తక్కువట. అంటే సంఘం ఒక దారి మాత్రమే. ఆ దారిన ప్రశ్నా నడుస్తుంది, ద్వేషమూ నడుస్తుంది. కులం పేరుతో, మతం పేరుతో పుట్టి పొరుగువాణ్ణి భయపెట్టే సంఘం కూడా నిర్వచనం ప్రకారం పౌర సమాజమే అయితే, ఆ నిర్వచనంతో నాకు పని లేదు.

లెక్క అడిగేవాళ్ళు లెక్క చెప్పాలి కూడా. నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో, శిక్షణకు వచ్చినవాళ్ళ హాజరు పట్టికలో రాని రోజుకు కూడా సంతకాలు పెట్టించడం చూశాను. నిధులిచ్చినవాళ్ళు తలలు లెక్కపెడతారు, తలలు తగ్గితే వచ్చే ఏడాది డబ్బు రాదు. అందరూ మంచివాళ్ళే, మంచి పని కోసమే. నేను కూడా అప్పుడు నోరు మెదపలేదు. ఆ తర్వాత ఎప్పుడు మస్టరు పైకి చదివినా ఆ హాజరు పట్టిక నా కళ్ళ ముందు మెదులుతూనే ఉంది. ఇవాళ నాకు సలహా అడిగే యువకులకు ఒకటే చెబుతాను: మీ సంస్థ జమాఖర్చులు, ఎవరిచ్చారు, ఎంత జీతాలకు పోయింది, మీరు పనిచేసే ఊళ్ళోనే గోడ మీద రాయండి. ఢిల్లీకి పంపే నివేదికలో రాస్తే సరిపోదు.

ప్రభుత్వాలు స్వచ్ఛంద సంస్థలను ఎంతో ప్రేమగా చూసే సందర్భం ఒకటుంది. బడి నడపమని, ఆసుపత్రి నడపమని, వరదల్లో బియ్యం పంచమని అడిగేటప్పుడు. అవి గొప్ప పనులే. కానీ ప్రభుత్వం చేయాల్సిన పనిని ఒప్పందం మీద చేసిపెట్టడం మొదలయ్యాక, అదే ప్రభుత్వాన్ని నిలదీయడం ఎవరికైనా కష్టం. సేవ చేసే చేతిని ముద్దు పెట్టుకుని, ప్రశ్నించే చేతికి సంకెళ్ళు వేసే ధోరణి చాలా దేశాల్లో ఉంది. రష్యా 2012లో విదేశీ నిధులతో రాజకీయ కార్యకలాపాలు చేసే సంస్థలు "విదేశీ ఏజెంట్లు"గా నమోదు కావాలంది. హంగరీ 2017లో విదేశీ నిధుల సంస్థల మీద చేసిన చట్టం ఐరోపా సమాఖ్య చట్టాలకు విరుద్ధమని 2020లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. మన దేశంలో 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ తనకొచ్చిన నిధిని చిన్న సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించారు. విదేశీ డబ్బు మీద నిఘా ఉండాలనడంలో తప్పు లేదు. కానీ బియ్యం పంచే సంస్థకు పాలనా ఖర్చు తక్కువ. పరిశోధన చేసే, కోర్టుకు వెళ్ళే, లెక్కలు చూసే సంస్థకు ఖర్చంతా మనుషుల జీతాలే. వాటిని పాలనా ఖర్చుల్లో వేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పనక్కరలేదు.

లెక్క అడిగినందుకు ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. 2008లో జార్ఖండ్‌లోని పలామూ జిల్లాలో ఉపాధి హామీ సామాజిక తనిఖీ జరుగుతున్న రోజుల్లో అందులో పనిచేస్తున్న ఒక కార్యకర్తను చంపేశారు. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టినవాళ్ళు ఆ తర్వాత కూడా హత్యలకు గురయ్యారు. మట్టి లెక్క అడిగితే చంపేటంత కోపం ఎందుకు వస్తుందో ఆలోచిస్తే, ఆ లెక్కలో ఎంత డబ్బు ఉందో అర్థమవుతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది ఒక చిన్న సవరణ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. ఆ నిబంధన కింద వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే, దానికి ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేదనో, బయటపెడితే అనవసరంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడినట్టవుతుందనో గతంలో అధికారి చూపాలి. విశాల ప్రజా ప్రయోజనం ఉంటే ఇచ్చే వీలు కూడా ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడు ఆ షరతులన్నీ పోయి, "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు మాటలు మిగిలాయి. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2) నిబంధన అలాగే ఉందని సమర్థించేవాళ్ళు అంటున్నారు. అది నిజమే. కానీ కింది స్థాయి కార్యాలయంలో, ఇవ్వకపోతే పోయేదేమీ లేదనుకునే అధికారి ఏ నిబంధనను ముందు తెరుస్తాడో దరఖాస్తులు పెట్టిన ప్రతివారికీ తెలుసు.

ఏకాంతం నాకూ విలువైనదే. నా ఆరోగ్య వివరాలు, నా ఫోను నంబరు ఊరంతా చదవాలని నేను కోరుకోను. కానీ ప్రజల డబ్బు ఎవరికి ఇచ్చామని రాశారో ఆ పేరు వ్యక్తిగతం ఎలా అవుతుంది? పింఛన్ల జాబితా అంటే పేర్లే. రేషన్ కార్డుల జాబితా అంటే పేర్లే. మస్టరు అంటే పేర్లే. పేర్లు తీసేసి, ఈ ఊళ్ళో 212 మందికి ఇంత చెల్లించామని బోర్డు పెడితే ఊరు దాన్ని చదువుతుంది, ఎవరి దారిన వారు పోతారు. అంకెలో తన భర్త ఉన్నాడని ఏ మనిషికీ తెలియదు. ఆ రోజు చెట్టు కింద నా చేతిలోని కాగితం మీద పేర్లకు నల్లగీత కొట్టి ఉంటే, నేను పద్నాలుగు రోజులనీ, ఇంత కూలి అనీ చదివేవాణ్ణి. వెనక వరసలో ఆవిడ వింటూ కూర్చునే ఉండేది.